ఎర్రబడని చుక్క

"శవం మీద చెయ్యి వేస్తే ముందు మా చేతులు విరగ్గొట్టాలి!"

అంబులెన్సుకు అడ్డంగా నలభై మంది ఆడవాళ్లు బైఠాయించారు. చేతుల్లో పొడుగు చీపుళ్లు. ఒంటి మీద ఆకుపచ్చ కోట్లు. ప్రతి ఎడమ మణికట్టుకీ ఒక నల్ల వాచీ.

వాళ్ల మధ్య నీలం టార్పాలిన్ మీద, వాళ్లతో పాటే రోడ్లు ఊడ్చే సుమేధ్ గజ్‌భియే శవం. పక్కనే నోరు తెరిచిన మ్యాన్‌హోల్, చుట్టూ పొంగిన మురుగు.

ఉదయం ఎనిమిదీ నలభై. నాగపూర్ అవతల చిన్న పట్టణం భివర్‌ఖేడ్, బట్టల బజారు వెనక సందు.

ఇన్‌స్పెక్టర్ ఉజ్వలా టేంభుర్ణే జీపు దిగింది. జనం దారి ఇవ్వలేదు.

"సుమేధ్ గజ్‌భియే!" ఒక మగ గొంతు పిడుగులా అరిచింది.

"అమర్ రహే!" ఆడవాళ్లు అందుకున్నారు.

అరిచిన మనిషికి నలభై ఏళ్లుంటాయి. బలమైన భుజాలు. బిగించిన గుప్పిట గాల్లో ఊగుతోంది. కళ్లు ఏడ్చి ఏడ్చి ఎర్రబడ్డాయి. సఫాయి కార్మికుల యూనియన్ నాయకుడు యశవంత్ రామ్‌టేకే. చచ్చిపోయినవాడికి స్వయానా బావమరిది.

"జై భీమ్ తాయీ" అన్నాడు ఉజ్వలను చూసి, సొంత చెల్లెల్ని పిలిచినట్టు. "నువ్వు మన బస్తీ పిల్లవి. ఈ నెత్తురు కంపెనీ చేతికి అంటిందని రాయి. చాలు."

"ముందు చూడనీ భావూ" అందామె, అన్నని పిలిచే పిలుపుతోనే.

ఎవరో వెనక నుంచి ఆమె మోచెయ్యి తట్టారు. ఇస్త్రీ చొక్కా. మెడలో కార్డు. చేతిలో ట్యాబ్. శుభ్రపథ్ సర్వీసెస్ ఆపరేషన్స్ మేనేజర్ అమేయ వాఖరే. పట్టణం చెత్త కాంట్రాక్టు మొత్తం ఆ కంపెనీదే.

"మేడమ్, పదకొండింటికి విదేశీ బృందం వస్తోంది. ఆ లోపు దీన్ని తీయించండి."

"దీన్ని అంటే?"

వాఖరే మెడలో కార్డు సరిచేసుకున్నాడు. "బాడీని. చూడండి మేడమ్, ఏడాదిగా ఈ ఊళ్లో ఒక్క మనిషి కూడా డ్రైనేజీలో దిగలేదు. అంతా మెషిన్లే. ప్రతి కార్మికుడికీ జీపీఎస్ వాచీ. అది చూసి వాళ్ల దేశాల్లోనూ ఇదే పద్ధతి పెట్టాలని వస్తున్నారు. ఒక దొంగ వల్ల..."

"దొంగా?"

అతను ట్యాబ్ తిప్పి చూపించాడు. పట్టణం మ్యాపు. దాని మీద పాకుతున్న ఒక పచ్చ చుక్క.

"ఇది సుమేధ్ వాచీ. ఆరుంబావు నుంచి ఏడున్నర దాకా బజారు రోడ్డు ఊడుస్తోంది."

"వాచీ ఊడుస్తుందా?"

"అంటే మనిషి. ఏడూ నలభైకి షెడ్డుకెళ్లి వాచీ కొక్కేనికి తగిలించాడు. తర్వాత ఇక్కడికొచ్చి ఇనప మూత పెకలించాడు. ఈ నెల్లో ఊళ్లో ఆరు మూతలు పోయాయి. పలుగు పక్కనే పడుంది. కాలు జారింది, లోపల గ్యాసు, అంతే. మేం దింపలేదు. మా రికార్డు అదే చెప్తోంది."

"దొంగంట!" ఒక ఆడమనిషి తుపుక్కున ఉమ్మేసింది. "వీడబ్బ సొమ్మా ఆ మూతలు?"

ఎనిమిదీ పదికి ఒక బట్టల కొట్టు వాచ్‌మన్ మ్యాన్‌హోల్ లోపల శవాన్ని చూశాడు. అంటే అరగంట. ఆ అరగంటలో మనిషి షెడ్డు నుంచి నడిచొచ్చి, మూత పెకలించి, పడి, ప్రాణం వదిలి, చల్లబడాలి.

ఉజ్వల టార్పాలిన్ పక్కన కూర్చుంది. శవం చెయ్యి పట్టుకుంది. వేళ్లు అప్పటికే బిగుసుకుంటున్నాయి. గంట కింద పోయిన మనిషి వేళ్లు కావవి.

శవం తల దగ్గర అతని భార్య కుందా. కళ్లల్లో తడి లేదు.

"దొంగన్నాడు తాయీ" అంది మెల్లగా. "చచ్చిపోయాడన్నందుకు కాదు, ఆ మాటకి నాకు కాలూ చెయ్యీ ఆడట్లేదు. నా కూతురు రేపు బడికెళ్తే ఏమంటారు? మూతల దొంగ కూతురంటారు. అది తుడవడానికి ఏ చీపురుందో చెప్పు."

ఉజ్వల ముందుకు వంగింది. శవం మీది తడి చొక్కా పైకెత్తింది.

రెండు చంకల కింద నుంచి రొమ్ముకు అడ్డంగా ఒక నల్లటి వాత. బెత్తెడు వెడల్పు. చర్మం చిట్లింది.

ఆమె మ్యాన్‌హోల్ లోపలికి టార్చి వేసింది. చుట్టూ వెతికింది. పలుగు ఉంది. మూత ఉంది. ఆ వాత పెట్టిన మోకు మాత్రం లేదు.

హవల్దార్ కుకడే ఆమె చెవి దగ్గర గొణిగాడు. "మేడమ్, దొంగతనానికి వచ్చినవాడు చంకల కింద మోకు కట్టుకుంటాడా?"

"కట్టుకున్నా, చచ్చాక విప్పుకుంటాడా?"

కుకడే మళ్లీ మ్యాన్‌హోల్ లోపలికి చూశాడు.

ఉజ్వల కుందా వైపు తిరిగింది. "ఇదివరకు దిగే రోజుల్లో ఆయన మోకు ఎవరు పట్టేవారు?"

"మా అన్నే. ఇంకెవరి చేతికీ ఇచ్చేవాడు కాదు. మా పెళ్లిలోనే మా అమ్మ అందరి ముందూ చెప్పింది. మోకు బావమరిది చేతిలోనే ఉండాలి, సొంత చెల్లెలి బొట్టు తనే తుడిచెయ్యడు కదా అని." కుందా అన్న వైపు చూసింది. "ఇవాళ అన్న స్టేషన్ రోడ్డు డ్యూటీ. వాచీలో ఉందంటగా. అన్నే ఇక్కడుంటే ఈయన ఇలా పడుకునేవాడా?"

అవతల యశవంత్ గుప్పిట మళ్లీ గాల్లోకి లేచింది.

* * *

హాజరు షెడ్డు సందు చివరే. పక్కన బానెట్ తెరిచి వదిలేసిన డ్రైనేజీ మెషిన్ బండి. రేకుల కప్పు. గోడ పొడుగునా కొక్కేలు. ఒక్కో కొక్కేనికి ఒక్కో పేరు.

సుమేధ్ వాచీ తన కొక్కేనికే వేలాడుతోంది. బెల్టు పొడిగా ఉంది.

ఉజ్వల షెడ్డు వెనక్కి నడిచింది. అక్కడ ఎండ పడదు. ఉత్తరం గోడకి రెండు మేకులు. వాటి మీద రెండు పేటలుగా మడిచి ఆరేసిన ఒక మోకు. నీళ్లు బొట్లు బొట్లుగా కారుతున్నాయి. సబ్బు వాసన.

కుకడే కళ్లు పెద్దవి చేశాడు. "అరె! హంతకుడు దీన్ని నదిలో పారేయకుండా ఉతికి ఆరేశాడా? వాడికేమైనా పిచ్చా?"

"పిచ్చి కాదు. అలవాటు." ఉజ్వల మోకును ముట్టుకుంది. "మా నాన్న పదిహేనేళ్లు మ్యాన్‌హోల్స్‌లో దిగాడు కుకడే. మోకు కడిగి, నీడన ఆరెయ్యకుండా ముద్ద నోట్లో పెట్టేవాడు కాదు. తడిసిన మోకు ఎండలో పడితే పెళుసెక్కుతుంది. మూల పడేస్తే కుళ్లుతుంది. ఎలా చూసినా మనిషిని మింగుతుంది. ఆ భయం ఈ పని చేసేవాళ్ల ఎముకల్లో ఉంటుంది. కంపెనీవాడైతే పారేసేవాడు. పారేయడానికి చెయ్యి రాలేదంటే..."

"మన... మీవాళ్లలో ఒకరు."

"మావాళ్లలో ఒకరు" అంది ఉజ్వల.

ఆమె ఆడవాళ్లని పదేసి మందిగా షెడ్డులోకి పిలిచింది.

"సుమేధ్ వాచీ పొద్దున ఎవరి చేతికుంది?"

ఒకామె చీపురు పుల్లలు సర్దుకుంది. ఇంకొకామె తన మణికట్టు వైపు చూసి, పైట చెంగు దాని మీదికి లాక్కుంది.

ఉజ్వలకి అర్థమైంది. మూలనున్న ఇనప తట్ట తెచ్చి మధ్యలో పెట్టింది.

"అందరూ వాచీలు తీసి ఇందులో వెయ్యండి. కుకడే, దీన్ని అవతల నీళ్ల పంపు కింద పెట్టు. పంపు తిప్పి వదిలెయ్. వినేవాళ్లుంటే నీళ్ల చప్పుడు వింటారు."

తట్ట బయటికెళ్లింది. షెడ్డు ఒక్కసారిగా ఊపిరి వదిలింది.

"నీకెలా తెలిసింది తాయీ, అది వింటుందని?"

"వింటుందో లేదో తెలీదు. మీరు భయపడుతున్నారని తెలిసింది. ఇప్పుడు చెప్పండి. వాచీలు చేతులు మారతాయా?"

అందరికంటే ముందు నవ్వింది చంద్రకళ అనే లావుపాటి ఆడమనిషి. "మారకేం! నా వాచీ రోజుకి నలుగురి చేతుల మీద తిరుగుతుంది. దాని కంటే నా మొగుడే నయం."

నవ్వులు. తర్వాత అందరూ ఒకేసారి మొదలెట్టారు.

"రోడ్డు దాటి పక్కకెళ్తే చుక్క ఎర్రబడుద్ది. పది నిమిషాలు కదలకపోయినా ఎర్రబడుద్ది. ఎర్రబడితే సగం రోజు కోత."

"దారిలో ఒక్క దొడ్డి లేదు. రోడ్డు మధ్యలో కూర్చోమంటావా?"

"అందుకే పక్కదానికి వాచీ ఇచ్చి వెళ్లొస్తాం. మనది ఎడమ చేతికి, వేరేవాళ్లది కుడి చేతికి. నెలసరప్పుడు, పిల్లకి పాలివ్వాలన్నప్పుడు. ఇది బయటపడితే అందరి ఉద్యోగాలూ ఊడతాయి. చచ్చినా చెప్పకూడదని ఒట్టేసుకున్నాం."

"ఆ ఉపాయం చెప్పింది ఎవరు?"

"యశవంత్ భావూయే. దేవుడిలాంటోడు."

"మరి సుమేధ్ వాచీ?"

ఈసారి చంద్రకళ నవ్వలేదు. "బాబాసాహెబ్ మీద ఒట్టు. మాలో ఎవరూ ముట్టుకోలేదు."

ఆమె అబద్ధం చెప్పడం లేదు. అది ఉజ్వలకి స్పష్టంగా తెలిసింది.

కానీ ఆ గుంపులో ఒక ముసలామె ఇందాకటి నుంచి నోరు విప్పలేదు. ఇందూ డోంగ్రే. అందరూ మావశీ అంటారు, అంటే పిన్ని. స్టేషన్ రోడ్డు ఊడుస్తుంది. ఆమె తన కుడి మణికట్టును ఎడమ చేత్తో రుద్దుకుంటూనే ఉంది.

* * *

పదింబావు. వాఖరే ఫోను ఆగకుండా మోగుతోంది. బృందం కార్లు నాగపూర్ నుంచి బయల్దేరి అప్పటికే గంటయింది.

ఉజ్వల అందరినీ షెడ్డులో చేర్చింది. ఒక పక్క వాఖరే. ఇంకో పక్క యశవంత్. మధ్యలో కుందా. వెనక చీపుళ్లతో ఆడవాళ్లు.

"వాఖరే గారూ, సుమేధ్ చుక్క చూపించారు. ఇప్పుడు పొద్దున ఏడు గంటలప్పటివి అందరి చుక్కలూ చూపించండి."

"అందరివీ ఎందుకు?"

"ఒకడి చుక్క చూసి ఒకణ్ని దొంగన్నారు కదా. అందరివీ చూస్తే ఎవరేంటో తేలుతుంది."

అతను భుజాలెగరేసి వేలితో తట్టాడు. మ్యాపు నిండా పచ్చ చుక్కలు మొలిచాయి.

ఉజ్వల ట్యాబ్‌ను అందరికీ కనిపించేలా పైకెత్తి పట్టుకుంది. "ఇది బజారు రోడ్డు. సుమేధ్ చుక్క ఒంటరిగా నడుస్తోంది. పక్కన వేరే చుక్క లేదు. అంటే ఆ వాచీ పెట్టుకున్నవాడి సొంత వాచీ ఒంటి మీద లేదు. ఇంకెక్కడో ఉంది. ఎవరి దగ్గరో ఉంది."

యశవంత్ ట్యాబ్ వైపు ఒక అడుగు వేశాడు.

"పొద్దున్నుంచి అందరం చచ్చినవాడి చుక్కనే చూస్తున్నాం. బతికున్నవాళ్ల చుక్కలు ఎవరూ చూడలేదు." ఆమె వేలు మ్యాపు మీద జరిగింది. "ఒక్కో రోడ్డుకి ఒక్కో మనిషి. ఒక్కో చుక్క. కానీ స్టేషన్ రోడ్డు చూడండి."

అక్కడ రెండు చుక్కలు. ఒకదాన్నొకటి అంటుకుని.

"ఇందూ మావశీది. యశవంత్ భావూది."

"మావశీకి మోకాళ్ల నొప్పులు" అన్నాడు యశవంత్ వెంటనే. "రోజూ నేనే సాయం చేస్తా. అడుగు, ఎవరినైనా అడుగు."

"సాయం చేశావు. ఆమె ఒకవైపు ఊడిస్తే నువ్వు ఇంకోవైపు ఊడుస్తావు కదా?"

"అంతే."

"ఆమె కుప్ప చేస్తే నువ్వు బండి తెస్తావు?"

"అంతే కదా మరి!"

"అయితే ఈ రెండు చుక్కలు ఒక్కసారైనా విడిపోవాలి భావూ." ఉజ్వల మ్యాపును ముందుకు జరిపింది. రెండు చుక్కలూ కలిసే కదిలాయి. కలిసే ఆగాయి. కలిసే రోడ్డు దాటాయి. కలిసే వెనక్కి తిరిగాయి. "గంటకు పైగా రోడ్డు వెడల్పంత దూరం కూడా విడిపోలేదు. ఇద్దరూ ఒకే చీపురు పట్టుకుని ఊడ్చారా?"

వెనక ఎవరో కిసుక్కున నవ్వబోయి ఆగిపోయారు.



"మావశీ" అంది ఉజ్వల. గొంతు మెత్తబడింది. "నీ కుడి చెయ్యి ఎందుకు రుద్దుకుంటున్నావ్?"

ఇందూ ఆ చెయ్యి వెనక్కి దాచుకుంది. "నాకేం తెలుసమ్మా... యూనియన్ పని మీద లాయరు దగ్గరికెళ్తున్నా, వాచీ పెట్టుకో మావశీ అన్నాడు. మనందరి కోసమే కదా అనుకున్నా. వాచీ సంగతి చెప్తే అందరి పొట్టలూ కొట్టినట్టవుతుందని నోరు కుట్టేసుకున్నా. సుమేధ్‌ని దొంగ అంటున్నా కూడా..." ఆమె చీపురు కింద పడేసి మొహం కప్పుకుంది.

కుందా నెమ్మదిగా తల తిప్పింది. "అన్నా?"

"లాయరు దగ్గరికే వెళ్లానే కుందా! ఆ కంపెనీ మీద కేసు..."

"ఏ లాయరు?" ఉజ్వల అడిగింది.

యశవంత్ మొహం తిప్పుకున్నాడు.

"ఆరు గంటలకి లాయరు తలుపు తీశాడా?"

యశవంత్ చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"సరే, నేను చెప్తా. నిన్నటి నుంచి ఈ డ్రైనేజీ పొంగుతోంది. విదేశీ బృందం నడిచే దారి ఇదే. మెషిన్ పాడైంది. కాదా వాఖరే గారూ?"

"అది... రిపేరులో ఉంది."

"మనిషిని దింపాలి. కానీ మనిషి దిగినట్టు ఉండకూడదు. దిగేవాడు తన వాచీ తీసి ఎవరికో ఇవ్వాలి. ఆడవాళ్లకిస్తే విషయం బయటికి పొక్కుతుంది. సుమేధ్ ఒకే ఒక్క మనిషి మాట మీద దిగుతాడు. ఒకే ఒక్క చేతికి మోకు ఇస్తాడు."

"తాయీ, ఆపు" అన్నాడు యశవంత్.

"మోకు పట్టుకుని నిలబడితే వాచీ కదలదు. పది నిమిషాలకి చుక్క ఎర్రబడుతుంది. రికార్డు చెడుతుంది. అందుకని మోకు దేనికో కట్టేసి, బావ వాచీ పెట్టుకుని బజారు రోడ్డు మీద నడవడానికి వెళ్లావు. లోపల సుమేధ్ మోకు లాగాడు. పైన చెయ్యి లేదు."

కుందా గొంతులోంచి ఒక చప్పుడు వచ్చింది. ఏడుపు కాదు.

"నేనిదంతా ఊహిస్తున్నానంటావు. అయితే ఒక్క పని చెయ్యి. పొద్దున్నుంచి నీ గుప్పిళ్లు తెరుచుకోవడం నేను చూడలేదు. చేతులు తెరువు భావూ."

యశవంత్ తెరవలేదు.

కుందా లేచి వచ్చింది. అన్న కుడి చెయ్యి పట్టుకుంది. ఒక్కో వేలూ విప్పింది. అతను అడ్డుకోలేదు.

అరచేతికి అడ్డంగా తోలు ఊడిపోయింది. పచ్చి పుండు. మోకు ఒరుసుకున్న గీత. ఎడమ చేతిలోనూ అదే.

"పైకి లాగావా?" కుందా అడిగింది.

"లాగానే. ఒక్కణ్నే లాగా. అప్పటికే..." యశవంత్ తన అరచేతుల వైపు చూశాడు. "అప్పటికే అయిపోయింది కుందా. ఐదు నిమిషాల్లో వచ్చేద్దామనుకున్నా. వాఖరే ఫోన్ చేశాడు. ఇంకొంచెం తిప్పు, పెద్ద స్క్రీను మీద అందరూ చూస్తున్నారు, ఎర్రబడనివ్వకు అన్నాడు. జోన్ సూపర్‌వైజర్ చేస్తానన్నాడు. నేను పైకెళ్తే మనవాళ్లందర్నీ పైకి లాగొచ్చనుకున్నా..."

"అబద్ధం! నేనెవరికీ ఫోన్ చెయ్యలేదు!" వాఖరే తలుపు వైపు జరిగాడు.

చంద్రకళ చీపురు అడ్డం పెట్టింది. "కూర్చో బాబూ. పది నిమిషాలు కదలకపోతే ఏం కాదులే."

కుకడే వాఖరే చేతిలోంచి ఫోను తీసుకున్నాడు.

కుందా ఇంకా అన్న చెయ్యి వదల్లేదు. "పైకి లాగావు. మోకు విప్పావు. తర్వాత?"

యశవంత్ తల వంచుకున్నాడు.

"ఆయన శవం లోపల దొరికింది అన్నా. పైకి లాగినవాణ్ని మళ్లీ లోపలెవరు వేశారు?"

రేకుల మీద ఒక కాకి నడిచిన చప్పుడు అందరికీ వినిపించింది.

"పలుగు పక్కన ఎవరు పెట్టారు?"

"కుందా... నన్ను..."

ఆమె ఆ చేతిని వదిలేసింది. మెల్లగా, బరువు దించుతున్నట్టు. బయట సందులోకి కార్ల హారన్లు వినిపించాయి. ఎవరూ అటు చూడలేదు.

ఉజ్వల కుకడేకి సైగ చేసింది. అతను ఎఫ్ఐఆర్ కాగితం తీశాడు. పెన్ను మూత తీశాడు.

"కుందా తాయీ" అంది ఉజ్వల. "ఫిర్యాదు నీదే. వాఖరే పేరు నేను రాయిస్తాను. ఇంకో పేరు నువ్వు చెప్పాలి. గట్టిగా చెప్పాలి. అందరూ వినాలి."

కుందా బయటికి చూసింది. తలుపులోంచి నీలం టార్పాలిన్ కనిపిస్తోంది. ఆమె పైట సర్దుకుంది. నిటారుగా నిలబడింది.

"రాసుకోండి. నా మొగుడు సుమేధ్ గజ్‌భియే దొంగ కాదు. మోకు నమ్మి దిగాడు. ఆ మోకు వదిలేసి చంపినవాడు..."

గొంతు పెళుసెక్కింది. అయినా విరగలేదు.

"మా అమ్మ కడుపున నాకంటే ముందు పుట్టినవాడు. యశవంత్ రామ్‌టేకే."